మా ఇంటి వంతు

"ఆ కర్ర సూరుల నుంచి దిగిందంటే నేను ఈ ఇంట్ల ఉండ నాయినా."

ఎల్లస్వామి గడపకు అడ్డంగా నిలబడి ఈ మాట అనేసరికి, కర్రను సగం బయటికి గుంజిన బక్కయ్య చెయ్యి ఆగింది. ఆగింది గానీ కిందికి దిగలేదు.

"ఉండకుంటే పోరా. నా చిన్న కొడుకు మంత్రై మొదటిసారి ఊర్లెకు వస్తుంటే వాని బండి ముందట ఇంకొకడు ఉరుకుతడా? వాని పెట్టె ఇంకొకడు మోస్తడా?"

"ఎవ్వడు ఉరుకొద్దు, ఎవ్వడు మొయ్యొద్దు. అందుకే గద వానకాలం నుంచి నువ్వు మంచం మీద పండింది."

"పండి పండి నడుములు పట్టినయి. ఇంక నాతోని కాదు."

పొయ్యి దగ్గర గటక కలుపుతున్న ఈదమ్మ తల ఎత్తలేదు. తెడ్డు చప్పుడు మాత్రం పెరిగింది. ఆ ఇంట్లో ఈదమ్మ కోపం ముందు గిన్నెల్లోంచే వినబడుతుంది.

వాడలో వెట్టి వంతు ఏ ఇంటిదైతే ఆ ఇంటి కప్పు అంచున సూరులో కర్ర ఉంటుంది. తాసిల్దారో, అమీనో ఊరికి వస్తే ఆ ఇంటి మనిషి కర్ర పట్టుకొని బండి ముందు ఉరకాలి. సడక్ నుంచి చావడి దాకా గానీ, చావడి నుంచి సడక్ దాకా గానీ బాట పూర్తిగా ఉరికితేనే వంతు తీరినట్టు. అప్పుడు వెట్టికి మనుషుల్ని పిలిచే సుంకరి మారయ్య కర్రను తీసుకుపోయి పక్కింటి సూరులో పెడతాడు. వరుస తప్పించి ఇంకో ఇంటిని పిలిచే ఆచారం లేదు. ఒక్కసారి తప్పిస్తే రేపు చాకలి వరుస, కుమ్మరి వరుస కూడా చెదిరిపోతాయని పటేలు లచ్చిరెడ్డికే భయం.

ఆ భయం మీదే వాడ తన ఎత్తు వేసింది. వెట్టి చెయ్యం అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. బక్కయ్య ఇంటికి కర్ర వచ్చిన మర్నాడు బక్కయ్యకు కాళ్లు పడిపోయాయి, అంతే. కాళ్లు లేచేదాకా వంతు తీరదు. వంతు తీరేదాకా కర్ర కదలదు. పెద్దకొడుకు ఉన్నాడు కదా అని పటేలు ఎల్లస్వామిని చావడికి పిలిపించి చింతబరికెతో కొట్టించాడు. ఎల్లస్వామి దెబ్బలు పట్టాడు గానీ కర్ర పట్టలేదు. అవి మానిన మచ్చలు ఇంకా నల్లబడనే లేదు.

"నేనేం వెట్టి చేస్తున్ననారా? కొడుకుకు ఎదురుపోతున్న" అన్నాడు బక్కయ్య.

"ఎదురు పోనీకె కర్ర ఎందుకు?"

బక్కయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"కర్ర లేకుంటే నన్ను బండికాడికి ఎవడు రానిస్తడ్రా? తాసిల్దారు ఉంటడు, పటేలు ఉంటడు, పోలీసోళ్లు ఉంటరు. నేను ఆ తుమ్మల కాడ దూరంగ నిలబడి దుమ్ము చూసి రావాలె. కర్ర ఉంటెనే నేను ముందట ఉంట."

తెడ్డు చప్పుడు ఆగింది.

అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించింది. తాలూకా కచేరి చప్రాసీ చోటే మియా. ఇత్తడి బిళ్ల నడుముకు మెరుస్తోంది. ఎన్నడూ వాడలోకి రాని మనిషి, చెప్పులు విడవాలో వద్దో తేలక ఒకటి విడిచి ఒకటి ఉంచుకొని నిలబడ్డాడు.

"సలామ్ పెద్దమ్మా! వజీర్ సాబ్ ఏం తింటరో జర చెప్పు. తాసిల్దార్ సాబ్ పొద్దట్నుంచి పరేషాన్. కోళ్లు, గుడ్లు, పాలు అన్నీ వాడల జమ చెయ్యమని హుకుం."

"మంత్రి సంగతి నాకు తెల్వది. నా కొడుకు జొన్న గటక తింటడు. చల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కొని" అంది ఈదమ్మ.

"తోబా! వజీర్ ఎక్కడన్న గటక తింటడా? నాకే అరగదు."

"వాని కంటె నీ కడుపు పెద్ద సర్కారు కడుపాయె మరి."

చోటే మియా నవ్వాడు. నవ్వుతూనే గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. బక్కయ్య కాళ్లు ఇయ్యాల లేస్తయా లేవా అడిగి రమ్మన్నడు పటేల్. జబర్దస్తీ లేదంట. కన్నకొడుకాయె, దిల్ ఉంటె రావచ్చంట."

అతను వెళ్లాక ఎల్లస్వామి తండ్రి వైపు తిరిగాడు. "చూసినవా? గాలం గిట్లనే వేస్తరు. నువ్వు చావడి దాక ఉరికితే వంతు తీరె. కర్ర పక్కింటికి పాయె. పక్కిల్లు ఎవరిది?"

ఎవరిదో ముగ్గురికీ తెలుసు. సుక్కమ్మది. మగదిక్కు లేని ఇల్లు. వంతు ఆ ఇంటికి పోతే, బండి ముందు ఉరకడానికి బదులు ఆమె బిడ్డ యాదలక్ష్మి పటేలు గడికి పోయి ఊడవాలి. పొద్దుగూకేలోపు ఇంటికి పంపిస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. వాడ అంతా కూడి కర్రను ఇక్కడే ఆపింది ఆ పిల్ల కోసమే.

బక్కయ్య గోడకు ఆనుకొని కూలబడ్డాడు. ముసలివాడి కళ్లల్లో నీళ్లు వచ్చాయో, పొయ్యి పొగ తగిలిందో తెలియదు.

ఈదమ్మ కొంగుకు చేతులు తుడుచుకొని లేచింది.

"పోనియ్యిరా ఎల్లిగా. వాగు దాక పోనియ్యి. కొడుకు మొఖం చూస్తడు. వాగు ఇసుకల కాలు బెణికిందని కూలబడ్తడు. సగం బాటనే గద? వంతు తీరదు. కర్ర మళ్ల మన సూరులకే వస్తది."

"కూలబడ్తవా నాయినా? ఒట్టు?"

"కూలబడ్త" అన్నాడు బక్కయ్య. చిన్నపిల్లవాడిలా లేచి కర్ర అందుకున్నాడు.

*

నార్కట్‌పల్లి సడక్ మీద మోటారు ఆగింది. అక్కడి నుంచి ఊరికి బండిబాటే. మంత్రి ఇస్రాయేలు దిగి ఎడ్ల కచ్చురం బండి ఎక్కాడు. వెనక బండిలో తాసిల్దారూ పటేలు లచ్చిరెడ్డీ.

ఇస్రాయేలుకు ముప్పై దాటి ఎంతో కాలేదు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు ఒళ్లు చల్లబడ్డ పిల్లవాణ్ని ఈదమ్మ భుజాన వేసుకొని నల్లగొండలో మిషన్ దవాఖానకు నడిచింది. బతికితే మీకే ఇచ్చేస్తనని దొరసానికి చెప్పింది. బతికాడు. ఇచ్చేసింది. ఆ పేరు కూడా అక్కడ పెట్టిందే. అక్కడి నుంచి బడి, పట్నం, వకాలత్, సభల్లో మాటలు. నిజాం సర్కారు దళితుల్లో ఒకరిని మంత్రివర్గంలోకి తీసుకుంటామన్నప్పుడు పదిమందీ ఇతని పేరే చెప్పారు. లోపలికి పోతే ఏదో ఒకటి చెయ్యవచ్చని ఒప్పుకున్నాడు. అన్న ఎల్లస్వామి మాత్రం, మునిగే పడవ ఎక్కినవు అని ఒక్క మాట చెప్పి పంపించాడు. ఆ తరువాత అన్నదమ్ములకు మాటల్లేవు.

బండి కదిలింది. ముందు ఎవరో ఉరుకుతున్నారు. దుమ్ములో వీపు మాత్రం కనబడుతోంది.

"జరుగుండ్రి! జరుగుండ్రి! హుజూర్ వస్తుండ్రు, పక్కకు జరుగుండ్రి!"

బాట మీద జరగడానికి ఎవరూ లేరు. కంది చేలల్లో మేకలు తప్ప. అయినా ఆ గొంతు జరగమంటూనే ఉంది. అందులో భయం లేదు. పీర్ల పండుగకు పాడినట్టు, పెండ్లి ముందు పిలిచినట్టు ఉంది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని ఇస్రాయేలు అనుకున్నాడు. వాగు వొడ్డుకు వచ్చేసరికి ముందున్న మనిషి ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వాడు. పండ్లు లేని నవ్వు.

మరుక్షణమే ఇసుకలో కూలబడ్డాడు.

"నాయినా!"

ఇస్రాయేలు బండి మీది నుంచి దుంకాడు. బూట్లు ఇసుకలో దిగబడ్డాయి. బక్కయ్య మడమ పట్టుకొని మూలుగుతున్నాడు. మూలుగుతూనే కొడుకు చెంప మీది దుమ్ము తుడవబోయి, అందరూ చూస్తున్నారని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరు పిలిచిండ్రు నిన్ను? ఎవరు ఉరుకుమన్నరు?"

"ఎవ్వరు లేదు బిడ్డా. నేనే వచ్చిన. నువ్వు బండెక్కు. పో."

పటేలు కూడా దిగి వచ్చాడు. చేతులు కట్టుకున్నాడు. "ఆచారం సర్కార్. మీ ఇంటి వంతు నడుస్తున్నది. వానకాలం నుంచి పెద్దాయనకు ఒంట్ల బాగలేదు. మేమేం బలవంతం చెయ్యలే."

ఇస్రాయేలు పటేలును చూశాడు. తండ్రిని చూశాడు. ఆ ముడతల కాళ్లను చూశాడు. సభల్లో వెట్టి గురించి ఎన్ని మాటలు చెప్పాడో, అవన్నీ ఆ కాళ్ల ముందు వట్టి గాలి అయిపోయాయి.

"ఇంటి మనిషి ఎవరన్న చెయ్యొచ్చు గదా వంతు?"

"ఎవరన్న చెయ్యొచ్చు సర్కార్."

"నేను ఆ ఇంటి మనిషినే."

వంగి బూట్లు విప్పాడు. తండ్రి చేతిలో కర్ర పట్టుకున్నాడు. బక్కయ్య వదలలేదు.

"వద్దు బిడ్డా. ఇయ్య. నీకు తెల్వది, కర్ర ఇడిసిపెట్టు."

"ఇన్నేండ్లు ఉరికినవు నాయినా. ఇగ చాలు."

"అది కాదురా... వద్దురా..."

పటేలు పక్కనే ఉన్నాడు. ఇంకేం చెప్పగలడు బక్కయ్య? కర్ర చేతిలోంచి జారిపోయింది.

మంత్రి ఉరికాడు. ఖాళీ కచ్చురం ముందు, వట్టి కాళ్లతో, షేర్వానీ గుండీలు విప్పుకొని. తాసిల్దారుకు కూర్చోవాలో దిగాలో తెలియలేదు. దిగి కొంత దూరం నడిచి, రొప్పు వచ్చి మళ్లీ ఎక్కాడు. చోటే మియా మంత్రి బూట్లు రెండూ గుండెకు హత్తుకొని వెనక పరుగెత్తాడు.

ఊరి మొగలో, మొదటి ఇండ్ల కాడ, ఇస్రాయేలు ఆగబోయాడు.

"జర చావడి దాక సర్కార్" అన్నాడు పటేలు వినయంగా. "కర్ర దించేది అక్కడనే."

వాడ వాళ్లు చూస్తున్నారు. ఆడవాళ్లు నోటి మీద కొంగు పెట్టుకున్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. గుంపులో అన్న కనిపించాడు. తమ్ముడు చావడి గద్దె మీద కర్ర దించుతుంటే ఎల్లస్వామి మొఖం పక్కకు తిప్పుకున్నాడు. అసూయ, అనుకున్నాడు ఇస్రాయేలు.

*

పొద్దు వాలుతుండగా ఇస్రాయేలు ఇంట్లో పీట మీద కూర్చున్నాడు. ముందు గటక, చల్ల, ఉల్లిగడ్డ. ఈదమ్మ వడ్డించింది గానీ పక్కన కూర్చోలేదు. బక్కయ్య మంచం కోడు పట్టుకొని నేల మీద ఉన్నాడు.

"ఏమైంది? నేను రావుడు మీకు ఇష్టం లేదా?"

"గటక తిను" అంది ఈదమ్మ.

దర్వాజ దగ్గరి నుంచి ఎల్లస్వామి అన్నాడు. "తిననియ్యి అమ్మా. వంతు తీర్చిన మనిషి, ఆకలైతది."

అప్పుడు చెప్పాడు. కర్ర ఎందుకు ఆగిందో, ఎన్నాళ్లు ఆగిందో, నాయిన వాగులో ఎందుకు కూలబడ్డాడో. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇస్రాయేలుకు కొంత నయంగా ఉండేది.

"నాకెవరు చెప్పిండ్రన్నా ఇదంత?"

"నువ్వెన్నడు అడిగినవ్ తమ్మీ?"

ఇస్రాయేలు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఇప్పుడే తాసిల్దారును పిలుస్త. వెట్టి బంద్ అని హుకుం ఇస్త."

"నీ శాఖేంది?"

"...ఊళ్ల బాగోగులు."

"వెట్టి ఏ శాఖ కిందికి వస్తది?"

అది మాలు శాఖ, అంటే రెవెన్యూ కిందికి వస్తుంది. పైగా వెట్టి ఎప్పుడో బందైపోయింది, కాగితం మీద. చావడి దగ్గర తను ఇదే మాట ఎత్తినప్పుడు తాసిల్దారు ఎంతో మర్యాదగా నవ్వాడు. లేనిదాన్ని మళ్లీ ఎట్ల బంద్ చేస్తం హుజూర్ అన్నాడు.

"నువ్వు చెయ్యకపోతివి, సరే" అన్నాడు ఎల్లస్వామి. "మేము ఆపుకున్నది కూడ పూర్తి చేసిపోతివి."

వాకిట్లో అడుగుల చప్పుడైంది. సుంకరి మారయ్య. చేతిలో కర్ర. పక్కనున్న మట్టిగోడ అవతల సుక్కమ్మ నిలబడి ఉంది. బిడ్డను లోపలికి పంపించి తలుపు దగ్గరికి వేసింది.

"చెప్పిపోదామని ఆగిన వదినా" అన్నాడు మారయ్య, ఎవరి మొఖమూ చూడకుండా. "వంతు తీరె. పక్కింటి సూరుల పెట్టుమన్నడు పటేలు. నాదేమున్నది, నేను పిలిచేటోన్ని."

"ఇరిచి పారేస్త దాన్ని" అని లేచాడు ఇస్రాయేలు.

"ఇరువయ్యా. అడవి నిండ కర్రలే. పటేలు ఇంకోటి కొట్టిస్తడు. ఇంటి మనిషి బాట పూర్తి చేసినంక కర్రదేమున్నది?"

ఈదమ్మ చల్ల ముంత కింద పెట్టింది.

"ఏ ఇంటి మనిషి మారయ్యా?"

"అదేంది వదినా. నీ కొడుకు."

"నా కొడుకు గత్తరల పోయిండు. మిషనోళ్లకు ఇచ్చేసి వచ్చిన. నువ్వే గద అప్పుడు వాడ మొగల ఎదురొచ్చినవు, వట్టి చేతులతోని వచ్చిన్నా లేదా?"

మారయ్య కర్ర మీద బరువు వేసి నిలబడిపోయాడు.

"వాని పేరు మేం పెట్టింది కాదు. వాని దేవుడు మా దేవుడు కాడు. అప్పట్నుంచి ఈ కప్పు కింద ఒక్క వానకాలం పండలే. ఇంటి మనిషంటే ఆ ఇంటి పొయ్యి మీద బతికేటోడు. ఈయన మంత్రి. నా ఇంటి వంతు నా ఇంటోళ్లు తీర్చలే."

"మరి గటక తినవట్టె గద?"

"ఊరికొచ్చిన చుట్టానికి పెట్టనా?"

ఆ మాట అన్నప్పుడు కూడా ఈదమ్మ కొడుకు వైపు చూడలేదు. గోడ అవతలి సుక్కమ్మ వైపు చూసింది.

"నువ్వంటే ఎట్ల వదినా" అన్నాడు మారయ్య నెమ్మదిగా. "వాగుకాడ ఆయన నోటితోని ఆయనే అన్నడు ఇంటి మనిషినని. తాసిల్దారు విన్నడు. ఆయనే కాదంటే మాట వేరు."

ఇస్రాయేలు అన్నను చూశాడు. ఆ పూట మొదటిసారి ఎల్లస్వామి గొంతులో కటువు లేదు.

"జర ఆలోచించు తమ్మీ. ఆ మాట అంటే ఈ వాడలనే ఉండిపోదు. రేపు నార్కట్‌పల్లిల చాయ కాడ చెప్పుకుంటరు, ఎల్లుండి పట్నంల. మంత్రి కాంగనే కన్నోళ్లను కాదన్నడని. నీ ఎన్క ఉన్నోళ్లు కూడ అంటరు. అనకపోయినా నేను తప్పు పట్ట."

"అనకపోతే?"

ఎల్లస్వామి గోడ వైపు చూశాడు.

బక్కయ్య నోరు తెరిచాడు. "వాడు నా..." అన్నాడు. ఈదమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. మాట అక్కడే ఆగింది.

ఇస్రాయేలు చేతిలోని ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. ఇంటి వాళ్లలా పెరట్లోకి పోకుండా వాకిట్లోకి వచ్చి చోటే మియా పట్టుకున్న బూట్లు తొడుక్కున్నాడు. ఒక్కో ముడీ నిదానంగా వేసుకున్నాడు. వాళ్లంతా ఆ ముడులనే చూశారు.

"మారయ్యా, పటేలుకు చెప్పు. తాసిల్దారుకు కూడ చెప్పు. నేను ఈ ఇంటి మనిషిని కాను. వాగుకాడ అన్నది అబద్ధం."

తరువాత దర్వాజ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"పోయొస్త పెద్దమ్మా."

ఈదమ్మ తల ఊపింది. చుట్టం పోతుంటే ఊపినట్టే ఊపింది. చల్ల ముంత చేతిలోకి తీసుకుంది, మళ్లీ అక్కడే పెట్టింది. ఆ ముంతను ఎటు పెట్టాలో ఆమెకు తెలియడం లేదు.

మారయ్య కర్రను తెచ్చి బక్కయ్య చేతిలో పెట్టాడు. "మీ సూరులనే ఉండనియ్యి మరి." గోడ అవతల సుక్కమ్మ కొంగుతో మొఖం కప్పుకొని లోపలికి పోయింది.

బక్కయ్య కర్రను సూరు దాకా ఎత్తాడు.

బయట చోటే మియా ఎడ్లను అదిలించాడు. ఇరుసు కిర్రుమంది. బండి చావడి మీదుగా పోయే సడక్ బాటకు మళ్లింది. వాడ దాటుతున్న బండిలో ఇస్రాయేలు వెనక్కి తిరగలేదు.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. ఆ తరువాత మెల్లగా దిగింది.

"నాయినా, పెట్టు దాన్ని" అన్నాడు ఎల్లస్వామి.

"వాగుల బాట వానికి తెల్వదురా" అన్నాడు బక్కయ్య. "పొద్దుగూకుతున్నది."

"నాయినా!"

ముసలివాడు గడప దాటాడు. మొదట నడక. వాకిలి దాటేసరికి అది పరుగైంది. కర్ర చేతిలోనే ఉంది. అడ్డబాట పట్టి చావడి కాడనే బండి ముందుకు చేరాలని కంది చేలోకి దూకాడు. ఈసారి కూలబడతానని ఎవరికీ మాట ఇవ్వలేదు.

మారయ్య ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. చూస్తున్నాడు.